దుకాణంలో బాగు, ఇంట్లో జబ్బు

సొంతంగా భాగాలు కొని కంప్యూటరు బిగించుకునే కుర్రవాళ్లు ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాలలోనే కాదు, చుట్టుపట్ల గ్రామాలలో కూడా కనబడుతున్నారు. సికింద్రాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయి, నాలుగు దుకాణాలు తిరిగి, ఒకచోట బోర్డు, ఒకచోట మెమరీ, ఇంకొకచోట గ్రాఫిక్స్ కార్డు బేరమాడి తెచ్చుకుంటున్నారు. బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని ఊరు చేరి, రాత్రంతా కూర్చుని బిగించి, తెల్లవారేసరికి ఆట మొదలుపెడతారు. అంతవరకు సంతోషమే. కొద్ది దినాలు గడిచిన తరువాత వచ్చే ఫిర్యాదు మాత్రం తరచు ఒకటే. అర్ధగంట సేపు ఆట కాలువలో నీళ్లు పారినట్లు సాగుతుంది. ఆపైన బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. పది నిమిషాలు ఊరుకుంటే దానంతటదే సర్దుకుంటుంది. కంప్యూటరును మోసుకుని దుకాణానికి పోతే అక్కడ ఒక్కసారైనా ఆగదు.

దుకాణదారు విండోస్ తీసివేసి మళ్లీ ఎక్కించి, ఐదు వందలో వెయ్యో పుచ్చుకుని పంపుతాడు. ఇంటికి వచ్చిన రెండవ రోజుకే పాత కథ. ఇట్లా రెండు మూడుసార్లు తిరిగిన పిమ్మట "కార్డు పోయింది, కొత్తది వేయాలె" అనే మాట వస్తుంది. కొత్త కార్డంటే ఇరవై వేలు, ముప్పై వేలు. ఈ మాట నమ్మి మళ్లీ డబ్బు పోసే ముందు ఒక్క వారం ఆగి చూడడం ఎంతైనా అవసరం. ఇటువంటి జబ్బు కార్డుది కాకపోవచ్చు. ఇంటిది కావచ్చు, గదిది కావచ్చు, గోడలోని ప్లగ్గుది కావచ్చు.

ఇంట్లో పెద్దలకు దీని మీద ఉన్న అభిప్రాయం వేరు. సీడు పత్తి పైసలు ఆటల పాలు చేసినాడని తండ్రికి కోపం. గద్వాల ప్రాంతంలో ఇంటిల్లిపాదీ పొద్దున్నే చేనికి పోయి, పువ్వు పువ్వుకూ చేతితో పుప్పొడి అద్ది సంపాదించిన సొమ్ము అది. కోపం న్యాయమే. ఐతే డబ్బు పందెం కట్టి ఆడే ఆన్‌లైను ఆటలు వేరు, ఇవి వేరు. పందెపు ఆటలను తెలంగాణ ప్రభుత్వం 2017లోనే నిషేధించినది. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసినది. కుర్రవాడు తెర మీద నడిపే కార్ల రేసులో పోయేది పైసా కాదు, పొద్దు. పైగా ఆటను సాఫీగా ఆడించగల యంత్రమే పెళ్లి వీడియోను కత్తిరించి కూర్చగలదు, ఫ్లెక్సీ బోర్డు గీయగలదు, గద్వాల చీర అంచుకు జాకార్డు డిజైను వేయగలదు. ఇవాళ ఆట దగ్గర ఆగుతున్న యంత్రం రేపు ఎవరింటి పెళ్లి వీడియో దగ్గరనో ఆగుతుంది. కావున ఇది పిల్లల గొడవ అని తోసిపుచ్చదగినది కాదు.

నిజానికి ఈ జబ్బును పట్టే విద్య పట్నం దుకాణదారు కంటె ఊళ్లో రైతుకే బాగా తెలుసు. బోరు మోటారు ఆగిందనుకోండి. బోరు ఎండిందని చెప్పి ఎవరైనా ముందే కొత్త బోరు వేయిస్తారా? ముందు ఫ్యూజు చూస్తారు. మూడు ఫేజులూ వస్తున్నవో లేవో చూస్తారు. స్టార్టరు డబ్బా తెరచి రిలే పడిందేమో, కెపాసిటరు ఉబ్బిందేమో చూస్తారు. పక్క పొలం మోటారు నడుస్తున్నదా అని కేక వేసి అడుగుతారు. ఇవన్నీ అయిన తరువాతనే మోటారు పైకి గుంజుతారు. గుంజడానికి డబ్బు కావాలె, ఫ్యూజు చూడడానికి అక్కరలేదు. కంప్యూటరుకైనా వరుస ఇదే. ఖర్చు లేనిది ముందు, ఖర్చున్నది వెనుక. ఒకసారికి ఒక్కటే మార్చవలెను. నాలుగూ కలిపి మార్చి బాగుచేసుకున్నవానికి తప్పు ఎక్కడున్నదో తెలియదు. అది మళ్లీ వచ్చిననాడు మళ్లీ నాలుగూ మార్చుకోవలసిందే.

వచ్చిపోయే జబ్బుకు ముందు లెక్క రాయవలెను. ఒక పాత నోటుబుక్కు చాలు. ఏ ఆట, ఎన్ని గంటలకు మొదలైనది, ఎన్ని నిమిషాలకు ఆగినది, అప్పుడు కార్డు వేడి ఎంత, దాని వేగం ఎంత, గదిలో ఫ్యాను నడుస్తున్నదా, కరెంటు పోయి వచ్చినదా అన్నవి రోజూ రాయవలెను. కార్డు వేడిని, వేగాన్ని చూపే జీపీయూ-జెడ్, ఆఫ్టర్‌బర్నర్ వంటి ప్రోగ్రాములు ఉచితంగానే లభిస్తున్నవి. సెకనుకు ఎన్ని బొమ్మలు పడుతున్నదీ ఆఫ్టర్‌బర్నర్ లెక్కకట్టి చెబుతుంది. సినిమా రీలులో సెకనుకు 24 బొమ్మలు. ఆటకు 60 ఉంటే కంటికి హాయి, అంటే ఒక్కొక్క బొమ్మ సుమారు 17 మిల్లీసెకన్లలో తయారు కావలెను. అది 15 బొమ్మలకు పడిపోతే ఆట నత్తనడక అవుతుంది. ఈ లెక్క వారం రోజులు రాసినవారికి జబ్బు చాలావరకు తన పేరు తానే చెబుతుంది.

ఈ ప్రాంతంలో మొదట అనుమానించవలసినది ఎండను. గ్రాఫిక్స్ కార్డు వేడెక్కి ఒక హద్దుకు చేరితే, కాలిపోకుండా తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చాలా కార్డులలో ఈ హద్దు 83, 85 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఇది జబ్బు కాదు, తెలివి. మిట్టమధ్యాహ్నం ఎద్దు నడక తగ్గించినట్లే. కార్డు వేడికి, గది వేడికి మధ్య ఉండే తేడా ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. ఏ.సి. ఉన్న దుకాణంలో గది 25 డిగ్రీలైతే కార్డు 68 దగ్గర నిలిచినదనుకోండి, తేడా 43. అదే కార్డు, అదే ఆట, వైశాఖంలో 42 డిగ్రీల గదికి వస్తే 85కు చేరుతుంది. దుకాణంలో బాగుండి ఇంట్లో ఆగడంలో ఉన్న రహస్యం చాలామటుకు ఇంతే. దుకాణదారు అబద్ధమాడలేదు, కుర్రవాడూ అబద్ధమాడలేదు. ఇద్దరూ చూసిన గదులు వేరు.

స్లాబు ఇంట్లో మరొక చిక్కు ఉన్నది. పగలంతా కాగిన స్లాబు పొద్దుగూకిన తరువాత కూడా వేడిని కిందికి దింపుతూనే ఉంటుంది. అందుచేత చల్లబడిందనుకుని రాత్రి ఎనిమిదింటికి ఆట మొదలుపెట్టినవాడు ఎందుకు ఆగిందో తెలియక తల పట్టుకుంటాడు. రేకుల ఇంట్లో పగలు అసలే పనికిరాదు, తెల్లవారుజామున మాత్రం హాయిగా నడుస్తుంది.

దీనికి పరీక్ష ఒకటున్నది, పైసా ఖర్చు లేదు. కంప్యూటరు డబ్బాకు ఒక పక్క మూత తీసి, ఎదురుగా టేబులు ఫ్యాను పెట్టి, అదే ఆట అదే గంటకు ఆడి చూడవలెను. ఆగడం పోతే దొంగ దొరికినట్లే. అప్పుడు డబ్బాను గోడకు ఆనించి పెట్టారా, చెక్క అల్మారాలో దూర్చారా, టీవీకి కప్పినట్లు తల్లి దాని మీద పూల గుడ్డ కప్పినదా అని చూసుకోవలెను. కొత్తగా వస్తున్న డబ్బాలకు ముందు పక్క అద్దం బిగించి, లోపల జాతరలో గుడి గోపురంలాగ రంగురంగుల దీపాలు పెడుతున్నారు. చూడ ముచ్చటగానే ఉంటవి. కాని గాలి దూరే తోవ లేదు. అద్దం కంటె జల్లెడ ముఖమే ఈ ఎండలకు మేలు.

దుమ్ము సంగతి చెప్పనే అక్కరలేదు. ఎర్రమట్టి దుమ్ము, పత్తి నూగు కలిసి కార్డు రెక్కల మధ్య కంబళి నేసినట్లు పేరుకుంటవి. కరెంటు తీసి, మెత్తని కుంచెతో దులిపి, చేతి బ్లోయరుతో ఊదవలెను. ఊదేటప్పుడు ఫ్యానును వేలితో ఆపి పట్టుకోవలెను, లేకుంటే అది గిర్రున తిరిగి చెడిపోయే ప్రమాదమున్నది. పంక్చరు దుకాణానికి తీసికెళ్లి టైర్లకు కొట్టే గాలి కొట్టించడం మాత్రం మంచిది కాదు. ఆ గాలిలో నీటి తుంపర, నూనె తుంపర ఉంటవి. మూడు నాలుగేళ్లు వాడిన కార్డైతే లోపల చిప్పు మీద పూసిన పేస్టు ఎండిపోయి ఉండవచ్చును. తెలిసినవారి చేత కొత్తది పూయిస్తే చాలు. దానికి వందలలో అయ్యే ఖర్చు వేలలోకి పోదు.

ఎండ తరువాత కరెంటు. ఇక్కడ ఒక అపోహ తొలగవలసి ఉన్నది. వోల్టేజి తగ్గింది కనుక ఆట నెమ్మదించిందని చాలామంది అనుకుంటారు. మంచి రకం ఎస్.ఎం.పి.ఎస్. డబ్బా 100 నుంచి 240 వోల్టుల దాకా ఏది ఇచ్చినా లోపలికి 12 వోల్టులు సరిగానే పంపుతుంది. వోల్టేజి మరీ పడిపోతే యంత్రం ఆరిపోయి మళ్లీ లేస్తుంది గాని నెమ్మదించదు. కాబట్టి నెమ్మదించడం ఒక జబ్బు, ఆరిపోవడం మరొక జబ్బు. నోటుబుక్కులో రెంటికీ వేరు వేరు వరుసలు గీసుకోవలెను. ఐతే తక్కువ వోల్టేజి దొడ్డిదోవన కూడా దెబ్బ కొడుతుంది. వోల్టేజి తగ్గితే గదిలోని ఫ్యాను, కూలరు మెల్లగా తిరుగుతవి. గది వేడెక్కుతుంది. గదితోపాటు కార్డు వేడెక్కుతుంది. ఆట ఆగుతుంది. సాయంత్రం వేళ ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద ఇళ్లూ, మోటార్లూ కలిసి ఉన్నచోట ఇది కనబడుతుంది. మోటారు లేచే క్షణంలో మామూలుకు ఐదారు రెట్లు కరెంటు లాగుతుందన్నది రైతులకు తెలియని సంగతి కాదు.

గద్వాల పక్కనే జూరాల ఉన్నది. ఎగువ జూరాలలో 234 మెగావాట్లు, దిగువ జూరాలలో 240 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రాలు ఉన్నవి. అంత కరెంటు తలాపునే పుడుతుండగా ఊళ్లో బల్బు ఎందుకు ఎర్రబడుతుందని జనం అడగడం సహజం. జూరాలలో పుట్టిన కరెంటు నేరుగా పక్క ఊరికి రాదు. పెద్ద లైనెక్కి రాష్ట్రపు గ్రిడ్డులో కలుస్తుంది. ఊరి వోల్టేజి ఊరి చివరనున్న ట్రాన్స్‌ఫార్మరు ఎంత పెద్దది, దాని మీద ఎంత బరువు, అక్కడి నుంచి ఇంటిదాకా తీగె ఎంత పొడవు, ఎంత సన్నం అన్నవాటి మీద ఆధారపడి ఉంటుంది. కాలువ మొదట నీళ్లుండి చివరి పొలానికి అందనట్లే. ఇంటికి 230 వోల్టులు రావలె, 6 శాతం హెచ్చుతగ్గులు చెల్లుతవని నిబంధన. అంటే 216కు తగ్గరాదు. ఐదారు వందలు పెట్టి ఒక మల్టీమీటరు కొని సాయంత్రం పూట వారం రోజులు కొలిచి రాసిన కాగితం ఉంటే, కరెంటు ఆఫీసులో మాట చెల్లుతుంది. 1912కు ఫోను చేసి ఫిర్యాదు నెంబరు తీసుకోవచ్చును. నలుగురు ఇళ్లవారు కలిసి వ్రాసి ఇస్తే ఇంకా మంచిది. ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యం పెంచమని అడగడం ఆట కోసం కాదు గదా, మిక్సీకి, ఫ్రిజ్‌కు, గిర్నీకి అందరికీ అక్కరకు వచ్చేదే.

ఎస్.ఎం.పి.ఎస్. డబ్బా కొనేటప్పుడు చేసే పిసినారితనం గురించి ఒక మాట చెప్పవలె. ముప్పై వేల కార్డుకు వెయ్యి రూపాయల డబ్బా తగిలించేవారు ఉన్నారు. ఆ డబ్బా మీద 500 వాట్లని అచ్చు వేసి ఉంటుంది. అచ్చుకేమి, వెయ్యి అని కూడా వేయవచ్చును. బోర్డు మీది గాడి నుంచి కార్డుకు 75 వాట్లకు మించి రాదు. మిగిలినదంతా ఎస్.ఎం.పి.ఎస్. నుంచి వచ్చే ప్రత్యేకపు వైర్ల ద్వారా రావలె. ఎనిమిది పిన్నుల వైరు 150 వాట్ల కోసం చేసినది. ఆ వైరు లేక, పాత రకం ప్లగ్గులకు జత కలిపే ముక్క తగిలిస్తే అది వేడెక్కి కరుగుతుంది. ఆట మంచి ఊపులో ఉన్నప్పుడు తెర నల్లబడి యంత్రం తిరిగి లేస్తుంటే మొదటి అనుమానం ఇక్కడే. ఇన్వర్టరు సంగతి కూడా అంతే. ఫ్యాన్లకు, లైట్లకు కొన్న చౌక ఇన్వర్టరు ఈ బరువును మోయదు. 600 వి.ఎ. యు.పి.ఎస్. అంటే సుమారు 360 వాట్లు మాత్రమే. కరెంటు పోయిన క్షణాన ఆట నడుస్తుంటే అది కూడా చేతులెత్తేస్తుంది.

ఎర్తు లేని ఇళ్లు ఇంకా చాలా ఉన్నవి. మూడవ పిన్నుకు తీగె ఉంటుంది, తీగె చివర గుంత ఉండదు. డబ్బాను ముట్టుకుంటే జివ్వుమంటుంది, టెస్టరు పెడితే వెలుగుతుంది. ఆట ఆగడానికి ఇది కారణం కాకపోవచ్చును. ప్రాణం పోవడానికి మాత్రం కారణం కాగలదు. కుర్రవాడు చెప్పులు వేసుకుని కూర్చుంటాడు, వాళ్లమ్మ తడి గుడ్డతో తుడవ వస్తుంది. కార్డు మాట తరువాత, ముందు ఉప్పు, బొగ్గు పోసి ఎర్తు గుంత తీయించి, వేసవిలో దానికి బిందెడు నీళ్లు పోయవలెను.

ఇక చిన్న చిన్న తప్పులు. నవ్వు వచ్చేటంత చిన్నవి గాని డబ్బు తినేవి ఇవే. తెర తీగెను గ్రాఫిక్స్ కార్డుకు కాక బోర్డు వెనుకనున్న రంధ్రానికి తగిలించి, ఆట నడవడం లేదని కార్డును తిట్టినవారు ఉన్నారు. వంద కిలోమీటర్లకు పైబడి బస్సులో కుదుపులు తిన్న డబ్బాలో బరువైన కార్డు గాడి నుంచి అరవీసం పైకి లేచి ఉంటుంది. లేచినా పనిచేస్తుంది, కాని పదహారు దారులలో నాలుగు దారులతోనే మాట్లాడుతుంది. తీసి, సరిగా నొక్కి, మర బిగిస్తే అయిపోయె. ప్రయాణంలో కార్డును విడదీసి దాని అట్టపెట్టెలోనే తేవడం మంచి పద్ధతి. మెమరీ పట్టీలు రెండు చోట్ల రెండు రకాలవి కొన్నప్పుడు కూడా తకరారు వస్తుంది. ఒకటి తీసి ఒకటి ఉంచి, అటుదిటు మార్చి చూడవలెను. పట్టీ కాళ్లను బడిపిల్లల రబ్బరుతో రుద్ది శుభ్రం చేయడం అందరికీ తెలిసిన చిట్కాయే. విండోస్ తనంతట తాను కార్డు డ్రైవరును మార్చుకున్న మరునాటి నుంచి జబ్బు మొదలైతే, పాత డ్రైవరును పూర్తిగా తుడిచి, కార్డు తయారీదారు ఇచ్చినది ఎక్కించవలెను.

ఇంటర్నెట్టు తప్పును కార్డు మీద వేయడం ఇంకొక ముచ్చట. ఫోను హాట్‌స్పాటు మీద పదిమందితో కలిసి ఆడే ఆటలో మనిషి ఒకచోట మాయమై మరొకచోట తేలితే అది టవరు తప్పు. నెట్టు తీసివేసి ఒంటరిగా ఆడే ఆట పెట్టి చూస్తే రెండు నిమిషాలలో తేలిపోతుంది. ఇది తెలియక కార్డు మార్చినా టవరు మారదు.

అన్నీ చూసిన తరువాత మిగిలేది కార్డే ఐతే, దానినీ పరీక్షించవలసినదే. తోటివాడి యంత్రంలో ఈ కార్డు, ఈ యంత్రంలో తోటివాడి కార్డు పెట్టి ఒక్క సాయంత్రం నడిపితే నిజం బయటపడుతుంది. జబ్బు కార్డుతోపాటు పోయిందా, ఇంట్లోనే ఉండిపోయిందా అన్నదే ప్రశ్న. పాత కార్డులు కొన్నవారి విషయంలో కార్డే నేరస్థుడు కావడానికి ఆస్కారం ఎక్కువ. ఈథీరియం అనే కంప్యూటరు నాణేన్ని తవ్వడానికి రాత్రింబగళ్లు నడిపిన కార్డులు, 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి మారిపోగానే సెకండు హ్యాండు అంగడికి వచ్చిపడినవి. అన్నీ చెడ్డవని కాదు. కాని పదివేల గంటలు దున్నిన ట్రాక్టరుకు రంగు వేసి అమ్మితే కొనేవాడు ఇంజను చూడకుండా కొంటాడా? పాత చిప్పుకు కొత్త పేరు రాసి అమ్మే దొంగ కార్డులు కూడా ఉన్నవి. జీపీయూ-జెడ్ అటువంటి వాటిని పసిగట్టి హెచ్చరిస్తుంది. డబ్బు చేతులు మారకముందే అది చూడవలె.

ఇక్కడ దుకాణాల వారి బాధ్యత కూడా ఉన్నది. జబ్బు వచ్చిపోయేదని తెలిసినప్పుడు ఐదు నిమిషాలు చూసి విండోస్ మార్చి పంపడం వైద్యం కాదు. ఏ.సి. ఆపి, డబ్బా మూత వేసి, గంటసేపు పూర్తి బరువు మీద నడిపి, కార్డు వేడి ఎంతకు పోయినదో కాగితం మీద రాసి ఇవ్వవలెను. ఆ కాగితానికి రెండు వందలు అడిగినా ఇచ్చేవారున్నారు. బిల్లు లేకుండా ధర తగ్గిస్తామనే చోట కొనడం కూడా తగదు. గ్యారంటీ కార్డు వెనుక నెంబరును, బిల్లును చూసి ఇస్తారు. 18 శాతం జీఎస్టీ మిగిలిందని సంతోషించినవాడు రెండవ ఏట కార్డు పోతే ఎవరినీ అడగలేడు. బిల్లు ఉండి కూడా దుకాణం మొండికేస్తే 1915కు ఫోను చేయవచ్చును. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్న ఊళ్లోనే కాక కొన్నవాడు నివసించే చోటనే జిల్లా కమిషనులో కేసు వేయవచ్చును. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు. కార్డు కోసం హైదరాబాదు కోర్టుల చుట్టూ తిరగనక్కరలేదు.

వనపర్తిలో రాజావారి భవనంలో 1959లో ఆరంభమైన పాలిటెక్నిక్కు ఉన్నది. ఈమధ్యనే జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల కూడా వచ్చినది. విద్యార్థులకు చేతిపని నేర్పడానికి ఇంతకంటె మంచి పాఠం దొరకదు. వేసవి ముదరకముందు, ఫాల్గుణంలోనే నెలకు ఒక ఆదివారం, గ్రామాల నుంచి కుర్రవాళ్లు తమ డబ్బాలు తెచ్చుకుంటే దుమ్ము దులిపి, వేడి కొలిచి, వైర్లు చూసి పంపే ఏర్పాటు అధ్యాపకులు తలచుకుంటే కష్టమేమీ కాదు. నాగర్‌కర్నూలు, గద్వాల వారికి కూడా వనపర్తి పొద్దున పోయి సాయంత్రం తిరిగి వచ్చే దూరంలోనే ఉన్నది. వచ్చేవారు కార్డును విడదీసి అట్టపెట్టెలో పెట్టుకుని, నోటుబుక్కు వెంట తెచ్చుకోవలెను.